సీలు వేసిన మూత

హరికిషన్ రెండు డబ్బాలనూ చెరో చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. విత్తనాల వ్యాపారికి ఏ సరుకునైనా ముందు చేత్తో తూచి, ఆ తర్వాతే మాట్లాడటం అలవాటు. పాత బస్టాండు దగ్గరి స్పేర్ పార్టుల దుకాణంలోకి ఆ కూలెంట్ డబ్బాలు ఈ మధ్యనే వచ్చాయి. అంతకు ముందు సిద్దిపేటలో లారీ అయినా జీపు అయినా రేడియేటర్‌లో నీళ్లే తాగేది.

"ఇది సీదా పోసుడే సేటు, కలిపే పని లేదు," అన్నాడు దుకాణదారు పెద్ద డబ్బా చూపిస్తూ. "గీ చిన్నదేమో చిక్కటిది. సగం ఇది, సగం బ్యాటరీలల్ల పోసే నీళ్లు. బోరు నీళ్లు మాత్రం కలుపొద్దు. మన బోర్లల్ల సున్నం ఎక్కువ గదా, లోపల పెచ్చు కడతది."

"పాత బండికి ఏది మంచిది?"

"చిక్కటిదే తీసుకపోండ్రి. మీ కండ్ల ముంగటనే కలిపిచ్చుకుంటే ఎవడన్న నీళ్లు కలిపిండన్న అనుమానం ఉండది."

ఆ చివరి మాట హరికిషన్‌కు బాగా నచ్చింది. పెద్ద డబ్బాను పక్కకు జరిపి చిక్కటిదే తీసుకున్నాడు.

హరికిషన్ చెడ్డవాడు కాదు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథలో అతను చేసే పనులన్నీ మంచివాళ్లు రోజూ చేసేవే.

బయట పికప్ బండి బానెట్ మీద అరచేయి ఆనించి భిక్షపతి నిలబడి ఉన్నాడు. వేలంలో కొన్న ఆ బండిని మొదటి రోజు నుంచీ నడుపుతున్నది అతనే. లోపలి గేజు ముల్లు పనిచేయడం ఎప్పుడో మానేసింది. బండి ఎంత కాగిందో భిక్షపతి అరచేయే చెప్పాలి. హరికిషన్‌కు డ్రైవింగ్ నేర్పిందీ అతనే. పక్కన కూర్చుని, గేరు తప్పు పడినప్పుడల్లా తానే తప్పు చేసినట్టు నాలుక కరుచుకునేవాడు.

"ఇదేనా సేటు?" అని డబ్బా అందుకుని మూత తీసి వాసన చూశాడు. "పచ్చగున్నది, తియ్యటి వాసనొస్తుంది. దీనితోనన్న చల్లబడుతదా ముసలిది?"

"పడాలె. పడకుంటే ఏమైతదో నీకు చెప్పిన గదా."

భిక్షపతి తల ఊపాడు. ఎండలు ముదిరిన దగ్గర నుంచి బండి దారిలో కాగి ఆగిపోతోంది. మొన్న కుకునూరుపల్లి దగ్గర ఎరువుల బస్తాలతో మధ్యాహ్నమంతా నిలబడిపోయింది. ఆ సాయంత్రం హమాలీల ముందే హరికిషన్ అనేశాడు: "ఇంకొక్కసారి దారిల ఆగిందంటే బండీ ఉండది, నువ్వూ ఉండవు భిక్షపతీ." కోపంలో అన్న మాటే గానీ, అన్న తర్వాత వెనక్కి తీసుకోలేదు. మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గర పడింది. తొలి వాన పడేలోగా పత్తి విత్తనాలు కోహెడ దుకాణాలకు చేరాలి. చేరకపోతే రైతులు ఇంకో వ్యాపారి దగ్గరికి పోతారు, పోయినవాళ్లు మళ్లీ రారు. భిక్షపతికి మాత్రం లెక్క ఇంకా చిన్నది. బండి ఆగకుండా నడిస్తే తన పని ఉంటుంది.

*

మెకానిక్ లింగమూర్తి షెడ్డు ఊరి చివర కరీంనగర్ రోడ్డు మీద ఉంది. ఇంజన్ చల్లారే దాకా అతను మూత ముట్టనివ్వలేదు. బీడీ కాల్చి, చాయ్ తాగి, పని ఏమీ లేనట్టు కూర్చున్నాడు. హరికిషన్ గడియారం చూసుకుంటుంటే నవ్వాడు.

"వేడి మీద మూత తీస్తే మొఖం ఉడుకుతది సేటు. దుకాణం ఏడికీ పోదు, కూసోండ్రి."

చల్లారాక భిక్షపతి పానా పట్టుకుని బండి కిందికి దూరి, రేడియేటర్ అడుగున ఉన్న బిరడా వదులు చేశాడు. పప్పుచారు రంగు నీళ్లు బుడబుడమని బొక్కెనలోకి కారాయి. అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. లింగమూర్తి మడ్డిని వేళ్ల మధ్య నలిపి చూసి, చేయి నేలకు రాసుకున్నాడు.

"గిన్ని దినాలు ఇది మోసుకుంట తిరిగింది పాపం."

సోడా కలిపిన నీళ్లు పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపు తిప్పి, మళ్లీ వదిలారు. మళ్లీ పోశారు, మళ్లీ వదిలారు. నీళ్లు తేటగా వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చివరిసారి మంచినీళ్లు నింపి, ఇంజన్ ఆపి, లింగమూర్తి రేడియేటర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. దాని సన్నగొట్టాల జాలి అడుగు మూలన వేలు పెట్టి పైకి తీశాడు. వేలు తడిగా ఉంది. తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ తడి.

"సేటు, ఇటు సూడుండ్రి."

హరికిషన్ ముందుకు వంగాడు. "తడి. నీళ్లు పోసినం గదా."

"పోసిన తడి కాదు, ఊరుతున్న తడి. గిన్ని దినాలు తుప్పే చిల్లులను మూసిపెట్టింది. మనం కడిగినం, తుప్పు పోయింది, చిల్లులు తెరుచుకున్నయ్. కూలెంట్ అంటే నీళ్లకన్న సన్నగ జారిపోతది. నా మాట ఇని రేడియేటర్ విప్పి కరీంనగర్ పంపుండ్రి. లోపలి జాలి మార్పిచ్చుకొస్తే ఇగ ఫికరుండది."

"ఎన్ని దినాలు?"

"వారం అనుకోండ్రి."

"మిరుగు ముంగట వారమా?" హరికిషన్ నవ్వాడు, ఆ నవ్వులో విసుగే ఎక్కువ. "మిరుగు పోనియ్, తర్వాత పంపుదాం. చుక్క చుక్క ఊరితే ఏమైతది?"

"దగ్గరి ఊర్లకైతే ఏం కాదు. కోహెడ దాక అంటే కష్టం. పోనీ భిక్షపతన్నకు చెప్పుండ్రి. రోజు మూత తీసి చూసుకుంటడు. తక్కువైతే గీ మందే ఇంత కలిపి పోసుకుంటడు."

హరికిషన్ బానెట్ అంచు మీద చేయి వేసి గొంతు తగ్గించాడు. "వానికి చెప్పకు. ఇప్పటికే భయం భయంగ నడుపుతుండు. చిల్లున్నదంటే మైలుకోసారి ఆపుతడు. నేను చెప్త, తీరిపాటంగ."

బండి కింద నుంచి బిరడా బిగిస్తున్న భిక్షపతి కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. పానా చప్పుడు ఒకసారి ఆగి, మళ్లీ మొదలైంది. లింగమూర్తి ఇంకేదో అనబోయి, గిరాకీ ఇచ్చే సేటు ముఖం చూసి ఊరుకున్నాడు.

కొత్త బొక్కెనలో చిక్కటి మందు పోసి, బ్యాటరీ నీళ్లు కలిపారు. హరికిషన్ పక్కనే నిలబడి సగానికి సగం సరిగ్గా పడేలా చూశాడు. లింగమూర్తి పై పైపును పిసుకుతూ గాలి బుడగలు పోయేదాకా నింపాడు. అంతా చేసి మూత బిగించాక హరికిషన్ తన చేతిసంచిలోంచి దుకాణం పట్టకారు తీశాడు.

ఊళ్లలోని చిన్న దుకాణాలకు పంపే మూటలకు కుట్టు వేసి, తీగకు సీసం బిళ్ల గుచ్చి, పట్టకారుతో నొక్కి ముద్ర వేయడం ఆ దుకాణం పద్ధతి. దారిలో ఎవరైనా మూట విప్పితే తెలిసిపోతుంది. హరికిషన్ తండ్రి కాలం నుంచీ అంతే. అదే తీగను రేడియేటర్ మూత చెవుల్లోంచి దూర్చి, మెడ చుట్టూ తిప్పి, బిళ్ల పెట్టి నొక్కాడు. సీసం మీద దుకాణం గుర్తు చక్కగా పడింది.

భిక్షపతి చేతులు తుడుచుకుంటూ చూశాడు. "ఇదేంది సేటు, మూతకు గూడ సీలా?"

"ఇగ దీన్ని ముట్టేది లేదు. ఎవడన్న నీళ్లు పోస్తే మందు పాడైతది. పొద్దుగాల లేచి బిందె మోసే పని తప్పింది నీకు."

భిక్షపతి ఒక్క క్షణం సేటు ముఖంలోకి చూశాడు. ఏదో మాట కోసం ఎదురుచూస్తున్నవాడిలా నిలబడ్డాడు. తర్వాత నవ్వి, "మంచిగైంది సేటు," అని బండెక్కాడు.

*

మొదటి రోజు బండి నారాయణరావుపేట పోయి వచ్చింది. భిక్షపతిది ఆ ఊరే. ఎక్కడా ఆగలేదు. రెండోరోజు దగ్గరి ఊళ్లకు రెండు ట్రిప్పులు వేసింది. హరికిషన్ ఆనందానికి అంతు లేదు. గల్లాపెట్టె ముందు కూర్చుని వచ్చిన ప్రతివాడికీ కూలెంట్ గురించి చెప్పాడు. విత్తనాలు కొనడానికి వచ్చిన రైతులు ఎద్దుబండికి కూడా పోయవచ్చేమో అన్నంత శ్రద్ధగా విన్నారు.

ఆ రెండో రోజు పొద్దుగూకుతుండగా భిక్షపతి దుకాణంలోకి వచ్చాడు. మామూలుగా అతను తాళంచెవి మేకుకు తగిలించి వెళ్లిపోతాడు. ఆ రోజు తగిలించి, బస్తాల పక్కన నిలబడ్డాడు. దుకాణం నిండా జనం. హమాలీలు మూటలు కుడుతున్నారు.

"ఏంది భిక్షపతీ?"

"ఏం లేదు సేటు. రేపు కోహెడ గదా?"

"ఔ. పొద్దుగాలనే పోవాలె. సోమశేఖర్ దుకాణంల దించి రా. మొగులు చేస్తుంది, మూటలు తడవకుంట తాటిపత్రి కప్పుకో."

"సరే." అయినా కదల్లేదు. బస్తా మీది పురికొస ముక్కను వేలికి చుట్టుకుంటూ, "బండి గురించి ఏమన్న చెప్పేదున్నదా సేటు?" అన్నాడు.

హరికిషన్ తలెత్తాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, లింగమూర్తి వేలి మీది తడి. చెప్పాలనే అనుకున్నాడు. కానీ చుట్టూ ఇంతమంది ఉన్నారు, రెండు రోజులుగా ఇంత గొప్పగా చెప్పుకున్న బండికి చిల్లు ఉందని ఇప్పుడెలా అనడం? రేపొక్క రోజు గడిస్తే చాలు కదా అనుకున్నాడు.

"సీలు అట్లనే ఉన్నది గదా?"

"ఉన్నది సేటు."

"మరింకేంది? పైలంగ పోయి రా."

భిక్షపతి పురికొస విప్పి బస్తా మీద పెట్టి వెళ్లిపోయాడు.

*

మర్నాడు మధ్యాహ్నం కోహెడ నుంచి సోమశేఖర్ ఎస్టీడీ బూతులోంచి ఫోన్ చేశాడు. "సేటు, మీ బండి ఇంక రాలే. ఈడ దంచి కొట్టింది వాన. రైతులు నా అరుగు మీద కూసున్నరు. ఏం చెప్పాలె?"

హరికిషన్ ఏదో చెప్పాడు. సాయంత్రానికి సోమశేఖర్ మళ్లీ చేశాడు. రైతులు లేచిపోయారట. పక్క దుకాణంలో విత్తనాలు ఉన్నాయట.

బండి ఆ మర్నాడు పొద్దున ట్రాక్టర్ వెనక మోకుకు కట్టుకుని వచ్చింది. లింగమూర్తి షెడ్డు ముందు ఆగేసరికి హరికిషన్, హమాలీలు, రోడ్డు మీద పోయేవాళ్లు కొందరు అక్కడే ఉన్నారు. తాటిపత్రి కింద కొన్ని మూటలు తడిశాయి. భిక్షపతి స్టీరింగ్ వదిలి దిగాడు. కుడి ముంజేతికి గుడ్డ చుట్టి ఉంది. కాగిన ఆవిరి తగిలినట్టుంది. ఎలా తగిలిందని ఎవరూ అడగలేదు.

లింగమూర్తి బానెట్ ఎత్తాడు. తెగిన తీగ పక్కకు వేలాడుతోంది. సీసం బిళ్ల దాని కొనకు అలాగే ఉంది. మూత తీసి మెడలోకి వేలు పెట్టాడు. వేలికి చిక్కటి ముద్ద అంటుకొచ్చింది. పచ్చగా, పసుపుగా, ఆవకాయ అడుగు లాగా ఉంది. వాసన చూశాడు.

"పసుపు."

పాత డ్రైవర్లకు తెలిసిన ఉపాయమే అది. రేడియేటర్ కారితే దారిలో ఇంత పసుపు వేస్తారు. నీళ్లలో ఉబ్బి చిల్లుల్లో కూర్చుంటుంది, ఊరు చేరుస్తుంది. నీళ్లలో పని చేసినట్టే మందులోనూ చేస్తుందనుకున్నాడు భిక్షపతి. చిల్లులతో పాటు సన్నటి గొట్టాలన్నీ మూసుకుపోయాయి. ఇంజన్ ఉడికి, దాని పైభాగమైన హెడ్డు వంగింది.

"ఏమన్నా, బండికి పసుపు రాసి తానం పోసినవా?" అన్నాడు ఒక హమాలీ. అందరూ నవ్వారు. ఆ నవ్వు హరికిషన్‌కు తన మీద నవ్వినట్టే అనిపించింది. రెండు రోజులు గల్లా ముందు కూర్చుని చెప్పిన గొప్పలన్నీ ఆ ముద్దలో కనిపించాయి.

"సీలు ఎందుకు తెంపినవ్?"

భిక్షపతి నేల చూశాడు. "తక్కువైతుండె సేటు. కింద తడి కనిపిచ్చింది."

"తక్కువైతే నాకెందుకు చెప్పలే? పసుపు పొయ్యుమని ఎవడు చెప్పిండు నీకు? ముట్టద్దని సీలేసిస్తే తెంపి పసుపు పోస్తవా?"

భిక్షపతి తలెత్తి లింగమూర్తి వైపు చూశాడు. లింగమూర్తి వేలికంటిన ముద్దను పాతగుడ్డతో తుడుస్తున్నాడు, ఎంత తుడిచినా పోనట్టు. తర్వాత భిక్షపతి హరికిషన్ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు హరికిషన్ ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అతని గొంతు దాకా వచ్చింది కూడా. కానీ హమాలీలు చూస్తున్నారు, ట్రాక్టర్ వాడు చూస్తున్నాడు, పేరు తెలియనివాళ్లు కూడా చూస్తున్నారు. మనిషికి సిగ్గు ఎంత పిరికితనం నేర్పుతుందో ఆ క్షణంలో అతనికి తెలియలేదు. తర్వాత తెలిసింది.

"తప్పైంది సేటు," అన్నాడు భిక్షపతి చివరికి.

"చాబీ అక్కడ పెట్టు."

భిక్షపతి తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టలేదు. అది జారి పడుతుందేమోనని సీటు మీద పెట్టాడు. సీటు కింది నుంచి తన తువ్వాల, సత్తు టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. లింగమూర్తితో "పోతున్న అన్నా," అని బస్టాండు వైపు నడిచాడు.

*

"చేయి కాలిందా ఆయనకు?" అని అడిగింది జ్ఞానేశ్వరి ఆ పూట అన్నం వడ్డిస్తూ. భర్త చెప్పిందంతా విని ఆమె అడిగిన మొదటి మాట అదే.

"కాలినట్టున్నది. మూత తెంపి తీసిండు గదా."

"మరి తెంపకుంటే నీళ్లెట్ల పోస్తడు? మీరే గదా సీలేసింది."

"నీళ్లు పోయొద్దనే వేసిన."

"కారుతదని మీకు తెల్వది, ఆయనకు తెల్వది. కారుతుంటే సూసుకుంట ఊకె కూసోవాల్నా మరి?" అని ఆమె పప్పు గిన్నె పక్కన పెట్టింది. వాదించాలని అన్న మాట కాదు. తెలియకే అడిగింది. మీకు తెల్వది అన్నది ఆమె. అతను సరిదిద్దలేదు. పప్పు ఇంకొంచెం వేయమన్నాడు.

బండి షెడ్డులో ఉండిపోయింది. రేడియేటర్ విప్పి కరీంనగర్ పంపారు. మిరుగు నాడు ఊరంతా చేపల కూర వాసన. మిరుగు పోయింది, వానలు దిగాయి. కోహెడ రైతులు వేరే విత్తనాలు వేసుకున్నారు. ఏ వారం కోసమైతే హరికిషన్ అంత తొందరపడ్డాడో ఆ వారం అలాగే గడిచిపోయింది, ఇంకో వారం కూడా తీసుకుపోయింది.

రేడియేటర్ తిరిగొచ్చిన రోజు అతను షెడ్డుకు పోయాడు. లింగమూర్తి హెడ్డు సాపు చేయించి, కొత్త గ్యాస్‌కెట్ వేసి, మళ్లీ అదే మందు అదే కొలతతో పోస్తున్నాడు. అడగకుండానే గేజు కూడా కొత్తది బిగించాడు.

"గేజు ఎందుకు?"

"మరి సేయి పెట్టి సూసెటోడు లేడు గదా సేటు." లింగమూర్తి గరాటు తీసి మూత బిగించాడు. కాసేపటికి తనలో తాను అన్నట్టు, "పసుపుతోని బండి పాడైందనేది నిజమే," అన్నాడు. "కని పసుపు పొయ్యకుంటే అంత దూరం గూడ పోకపోతుండె. ఆనాడు నేను నోరు ఇప్పలే. మీరు చెప్తరనుకున్న."

హరికిషన్ చేతిసంచిలో పట్టకారు ఉంది. అలవాటుగా తెచ్చుకున్నాడు. దాన్ని బయటికి తీయలేదు.

*

నారాయణరావుపేటకు అతను ఒక్కడే బండి నడుపుకుంటూ పోయాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాట కూడబలుక్కున్నాడు. వానకు నేల మెత్తబడి చేలల్లో అరకలు తిరుగుతున్నాయి. భిక్షపతి ఇంటి ముందు బండి ఆపేసరికి చప్పుడు విని ముందు ముసలావిడ బయటికి వచ్చింది. అతని తల్లి అంజవ్వ.

"సేటా? రా బిడ్డా," అని మంచం వాల్చి, చెంబుతో నీళ్లు తెచ్చి, నీళ్లు అతను తాగకముందే మొదలుపెట్టింది. "నా పసుపుతోనే బండి పాడైందట గదా సేటు. బండికి పూజ అన్నడు, రెండు పిడికిళ్లు ఇచ్చిన. ఇంట్ల కొమ్ములు నేనే దంచిన. తిడితే నన్ను తిట్టుండ్రి, వాడు నా మాట నమ్మిండు, మంచి పసుపని."

"పసుపు తప్పేం లేదవ్వా," అన్నాడు హరికిషన్. ఆమె ముఖం చూడలేకపోయాడు.

భిక్షపతి పందిరి కింద కూర్చుని ఎద్దులకు పగ్గం పేనుతున్నాడు. ముంజేతి మీద పాత తోలు ఊడి గులాబీ రంగు చర్మం వచ్చింది. లేచి నిలబడి, "రాండ్రి సేటు," అని మళ్లీ కూర్చున్నాడు. తల్లి లోపలికి పోయింది.

"భిక్షపతీ," అన్నాడు హరికిషన్. దారిలో కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు, వచ్చిందే చెప్పాడు. "రేడియేటర్ కారుతదని లింగమూర్తి నాకు ఆనాడే చెప్పిండు. నీకు చెప్పుమన్నడు. నేనే చెప్పలే."

భిక్షపతి చేతులు ఆగలేదు. పురిని ఇంకోసారి తిప్పి, మోకాలి కింద అదిమి పెట్టాడు.

"ఎరుకే సేటు."

"ఎట్లెరుక?"

"నేను బండి కిందనే ఉంటి గదా."

హరికిషన్‌కు బానెట్ మీద చేయి పెట్టి తను తగ్గించిన గొంతు గుర్తొచ్చింది. మడమలకు మట్టి అంటిన ఆ కాళ్లు గుర్తొచ్చాయి. ఒక్కసారి ఆగిన పానా చప్పుడు ఇప్పుడు వినిపించింది.

"మీరే చెప్తనంటిరి, తీరిపాటంగ. సరే అనుకున్న. ఆ పొద్దుమూకి దుకాణంలకు వచ్చి నిలబడ్డ, చెప్తరేమోనని. అడిగిన గూడ. మీరు సీలు సంగతి అడిగిన్రు." అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరికో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. "బండి ఆగితే నా పని పోతది. సీలు తెంపినా పోతది. అవ్వనడిగి పసుపు తీసుకపోయిన. నాకు తెలిసింది గదే."

"మరి అందరి ముంగట ఎందుకు అనలే? లింగమూర్తి చెప్పిండు, సేటు దాసిండు అని ఒక్క మాట అంటే అయిపోతుండె గదా."

"అంటే మీరేమందురు?" భిక్షపతి మొదటిసారి తలెత్తాడు. "కాదందురేమో. అప్పుడు నేను మిమ్మల్ని అబద్ధమాడంగ సూడాల్సొచ్చు. ఔనంటే హమాలోళ్ల ముంగట మీ ఇజ్జత్ పోతుండె. రెండిట్ల ఏదీ నాకు మనసొప్పలే."

హరికిషన్ చేతిలోని చెంబు కింద పెట్టాడు. తను కాదనే అనేవాడా? ఎంత వెతికినా అనేవాణ్ని కాదని గట్టిగా చెప్పుకోలేకపోయాడు. అదే అతన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

"రేపట్నుంచి రా. హమాలోళ్ల ముంగటనే నేను చెప్త, తప్పు నాదని. బండి మంచిగైంది."

"చెప్తే చెప్పుండ్రి సేటు, మీకు తేలికైతది. నేను మాత్రం రాను."

"కోపమా?"

"కోపమైతే నాలుగు దినాలకు పోతుండె గదా." పేనిన పగ్గాన్ని రెండు చేతులా పట్టి లాగి చూశాడు. కాలిన చేయి ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. "ఇగ మీరు ఏది చెప్పినా, చెప్పంది ఇంకేమున్నదో అని మీ మొఖం దిక్కు సూస్త. మొఖాలు సూసుకుంట బండి నడుపరాదు సేటు, తొవ్వ సూడాలె. ఈడ్నే అరక పట్టుకున్న. మంచిగనే ఉన్న."

హరికిషన్ లేచాడు. అంజవ్వ గడపలోకి వచ్చి, "చాయ్ పెడుతున్న బిడ్డా," అంది. మళ్లీ వస్తానన్నాడు. రాడని ముగ్గురికీ తెలుసు.

భిక్షపతి బండి దాకా వెంట వచ్చాడు. వచ్చి, అలవాటు కొద్దీ ఎడమ అరచేయి బానెట్ మీద ఆనించాడు. కళ్లు సగం మూసుకుని కాసేపు అలాగే ఉన్నాడు. ఆ తర్వాత బానెట్ కొంచెం ఎత్తి మూత వైపు చూశాడు. మూతకు తీగ లేదు, బిళ్ల లేదు.

"చల్లగనే ఉన్నది," అన్నాడు. "మంచి మందే సేటు అది. నేనే ఖరాబు చేసిన." బానెట్ నెమ్మదిగా మూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

హరికిషన్ బండి తిప్పాడు. ఊరు దాటేటప్పుడు గేరు తప్పు పడి బండి కీచుమంది. పక్క సీటు వైపు చూశాడు, నాలుక కరుచుకునేవాళ్లెవరూ లేరు. కొత్త గేజులో ముల్లు మధ్యన నిలబడి ఉంది. కింద ఒక్క చుక్క కారడం లేదు, ఎక్కడా ఆవిరి లేదు, ఇంజన్ ఎన్నడూ లేనంత నిదానంగా పాడుతోంది. ఈ బండి దారిలో ఆగిందని ఎన్నిసార్లు తిట్టాడో అతనికే లెక్క లేదు. ఇప్పుడు ఒక్కసారి కాగి ఆగిపోతే బాగుండుననిపించింది. దిగి, నీళ్లు కావాలని వెనక్కి నడిచి, ఆ పందిరి కిందికి ఇంకోసారి పోవడానికి ఒక సాకు ఉండేది. అలా ముల్లు వైపే చూస్తూ నడిపాడు. అది కదల్లేదు. సిద్దిపేట వచ్చేసింది.